మెట్రో దగ్గర అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్లు వస్తే బస్సుకు గండి పడుతుందా?

రాయదుర్గం_రవి | సోమవారం, రాత్రి 9:42

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఇదే గొడవ. ఎలక్ట్రిక్ స్కూటర్లు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి వచ్చింది. గేటు పక్కన పది పన్నెండు బళ్లకు చోటిస్తే మీ దగ్గరో స్టాండు, రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గరో స్టాండు పెడతాం అంటోంది. యాప్‌లో స్కాన్ చేసి బండి తీసుకోవడం, అవతల వదిలేసి పోవడం.

సగం మంది ఇచ్చేద్దాం, ఖాళీ స్థలమే కదా అంటున్నారు. మిగతా సగానికి భయం: "ఇవి వచ్చాయంటే మన గేటు ముందు నుంచి పోయే ఆ ఒక్క ఆర్టీసీ బస్సునీ తీసేస్తారు."

మేముండేది నానక్‌రామ్‌గూడ దాటాక. రాయదుర్గం స్టేషన్ ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది. నేను రోజూ నాగోల్ వైపు వెళ్లాలి కాబట్టి మెట్రో తప్పదు. అసలు కష్టం ఈ ఆరేడు కిలోమీటర్లే.

నా ప్రశ్న ఒకటే. ఈ స్కూటర్ల వల్ల మెట్రో, బస్సు ఎక్కేవాళ్లు పెరుగుతారా, తగ్గుతారా? మీ ఊళ్లో ఏం జరిగిందో చెప్పండి. కంపెనీ బ్రోచర్‌లో ఉన్నది మాత్రం చెప్పొద్దు, అది గ్రూపులో ఇప్పటికే చాలాసార్లు ఫార్వర్డ్ అయింది.

వైట్‌ఫీల్డ్_వాసు | సోమవారం, రాత్రి 10:05

బెంగళూరు నుంచి. పర్పుల్ లైన్ 2023 అక్టోబరులో పూర్తిగా కలిశాక నేను ఆఫీసుకు మెట్రోలోనే పోతున్నాను. స్టేషన్ నుంచి ఆఫీసు రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. దానికి అద్దె స్కూటర్ బాగానే పనికొస్తుంది.

బాగానే అంటే రోజూ కాదు. పొద్దున తొమ్మిదింటికి స్టేషన్ మెట్లు దిగి చూస్తే యాప్‌లో ఆరు బళ్లు కనిపిస్తాయి. దగ్గరికి వెళితే రెండింటికి బ్యాటరీ అడుక్కి వచ్చి ఉంటుంది, ఒకదాని సీటు చిరిగి వాన నీళ్లు పీల్చుకుని ఉంటుంది, ఇంకోదాని క్యూఆర్ కోడ్‌ని ఎవరో మహానుభావుడు గోకేసి ఉంటాడు. మిగిలిన రెండింటి కోసం నాతోపాటు రైలు దిగినవాళ్లు ఫోన్లు పట్టుకుని వేగంగా నడుస్తూ ఉంటారు. పరిగెత్తితే బావుండదని నడక అంతే!

అన్‌లాక్‌కి ఒక రేటు, ఆపైన నిమిషానికి ఇంత. దూరం తక్కువైతే ఆటో కన్నా చవక. సిగ్నళ్లలో ఇరుక్కుంటే మీటరు మాత్రం ఆగదు. మీ ఆరేడు కిలోమీటర్లకు లెక్క వేసి చూసుకోండి రవి గారూ, కళ్లు తిరుగుతాయి.

రిటైర్డ్_టీసీ | సోమవారం, రాత్రి 10:31

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి ట్రాఫిక్ కంట్రోలర్‌గా దిగాను. బస్సు ఎందుకు తీసేస్తారో చెబుతాను వినండి.

డిపోలో చూసేది ఓఆర్, ఈపీకే. ఓఆర్ అంటే సీట్లకు ఎంతమంది ఎక్కారు, ఈపీకే అంటే కిలోమీటరుకు ఎంత వచ్చింది. ఈ రెండూ పడిపోతే ముందు మధ్యాహ్నం ట్రిప్పులు పోతాయి. పదిహేను నిమిషాలకు ఒకటి వచ్చేది నలభైకి ఒకటి అవుతుంది. అప్పుడు పొద్దున ఎక్కేవాడు కూడా "తిరుగు ప్రయాణానికి బస్సుంటుందో లేదో" అని సొంత బండి తీస్తాడు. ఓఆర్ ఇంకా పడుతుంది. ఇంకో రెండు ట్రిప్పులు పోతాయి. ఇలా పోయిన రూట్లను నా సర్వీసులో చాలా చూశాను. అప్పటికి అద్దె స్కూటర్ అన్న మాటే లేదు.

మా కలెక్షన్‌ను తిన్నది సెవెన్ సీటర్ ఆటో. డ్రైవరు అద్దంలో వెనక బస్సును చూస్తూనే ఉంటాడు. బస్సు కనిపించగానే ముందు స్టాపుకు పోయి "మెహిదీపట్నం, మెహిదీపట్నం" అని అక్కడున్నవాళ్లను ఎక్కించుకుంటాడు. బస్సు వచ్చేసరికి స్టాపులో పాసులవాళ్లే మిగులుతారు.

ఆటోనగర్_అబ్బాయి | సోమవారం, రాత్రి 10:48

టీసీ గారూ, మా నాన్న ఆ ఆటోయే నడిపాడు. బస్సు రాని టైములో ఎక్కించుకున్నవాళ్లను కూడా లెక్కలో వేయండి సార్. రాత్రి పదింటికి మీ ఆఖరి బస్సు వెళ్లిపోయాక జనాన్ని ఇంటికి చేర్చింది ఎవరు?

రిటైర్డ్_టీసీ | సోమవారం, రాత్రి 10:55

అది నిజమే నాయనా. కాదనను. అయితే పొద్దున ఎనిమిదింటికి కూడా మీ నాన్నగారు బస్సు ముందే ఉండేవారు కదా.

గణాంకాల_గోపి | మంగళవారం, ఉదయం 7:20

ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ చదువుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ ప్రశ్న మీద ఎక్కువ పరిశోధన అమెరికాలో జరిగింది. అక్కడి స్కూటర్ మన స్కూటర్ లాంటిది కాదు, పలక మీద నిలబడి హ్యాండిల్ పట్టుకుని పోయేది. 2017లో శాంటా మోనికాలో బర్డ్ అనే కంపెనీ మొదలుపెట్టింది, ఏడాది తిరిగేసరికి ఊరూరా వచ్చాయి. కంపెనీలన్నీ చెప్పిన మాట ఒకటే: మేం బస్సుకు, రైలుకు తోడు.

ఇలాంటి చోట అడగాల్సింది ఒకటుంది. ఈ స్కూటర్ లేకపోతే ఆ మనిషి ఆ ప్రయాణం ఎలా చేసేవాడు? పోర్ట్‌లాండ్ నగరం 2018లో నాలుగు నెలలు ప్రయోగం చేసి స్కూటర్ ఎక్కినవాళ్లను ఇదే అడిగింది. ఊరివాళ్లలో 34 శాతం మంది కారో ట్యాక్సీనో మానుకుని ఎక్కామన్నారు. 37 శాతం మంది ఇది లేకపోతే నడిచేవాళ్లం అన్నారు. అంటే స్కూటర్ లాక్కున్నది ముందుగా నడకను, దాని వెనకే కారును. బస్సు వాటా వీటికన్నా బాగా తక్కువ.

బస్సు టికెట్ల లెక్క చూసినవాళ్లూ ఉన్నారు. లూయివిల్‌లో స్కూటర్లు రాకముందు, వచ్చాక బస్సు ప్రయాణికుల సంఖ్యను పోల్చారు. లోకల్ బస్సుల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. ఇండియానాపోలిస్‌లో ఒక్కో స్కూటర్ ట్రిప్‌నూ బస్సు రూట్ల మీద పెట్టి చూస్తే, దాదాపు 27 శాతం ట్రిప్పులు బస్సుతో పోటీపడేలా, 29 శాతం బస్సుకు తోడయ్యేలా ఉన్నాయి. ఇంచుమించు చెల్లుకు చెల్లు. కాకపోతే పోటీ పడేవి ఎక్కువగా బస్సులు దండిగా ఉన్న డౌన్‌టౌన్‌లో, తోడయ్యేవి ఎక్కువగా బస్సు తక్కువున్న శివార్లలో.

రవి గారిది శివారు కాబట్టి బస్సు పోతుందని అంతగా భయపడక్కర్లేదు అనిపిస్తోంది.

పారిస్_పద్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

గోపి గారి లెక్కలకు మా ఊరి కథ జోడిస్తాను. పారిస్‌లో లైమ్, డాట్, టియర్ అని మూడు కంపెనీలకు కలిపి 15,000 స్కూటర్లు ఉండేవి. 2023 ఏప్రిల్ 2న వీటిని ఉంచాలా తీసేయాలా అని నగరపాలక సంస్థ ఓటింగ్ పెట్టింది. ఓటు వేసినవాళ్లలో దాదాపు 89 శాతం తీసేయమన్నారు. అసలు ఓటు వేసింది మాత్రం నూటికి ఎనిమిది మంది కూడా కాదు. ఆగస్టు ఆఖరుకి రోడ్ల మీద ఒక్కటి లేకుండా పోయాయి.

నాకు ఓటు లేదు. ఉండి ఉంటే తీసేయమనే వేసేదాన్ని. సందు మలుపు తిరిగితే ఫుట్‌పాత్ మీద అడ్డంగా పడి ఉండేవి. పిల్లను స్ట్రోలర్‌లో తోసుకుంటూ పోతే ప్రతిసారీ రోడ్డు మీదకు దిగాల్సి వచ్చేది. నాకు అడ్డుపడింది ఎక్కే మనుషుల కన్నా దారిలో వదిలేసిన బళ్లే.

ఇక మెట్రో సంగతి. ఇక్కడ ఏ వీధి నుంచి నడిచినా చాలావరకు పది నిమిషాల్లోపే స్టేషన్ దొరుకుతుంది. స్టేషన్ అంత దగ్గరున్న ఊళ్లో స్కూటర్ తీర్చే లోటేముంది? నా ఎరుకలో ఎక్కినవాళ్లంతా కుర్రాళ్లు, టూరిస్టులు. నడిచే దూరానికో, మెట్రోలో రెండు స్టేషన్ల దూరానికో వాడుకున్నారు. అవి పోయాక ఎవరి ప్రయాణమూ ఆగిపోలేదు. అద్దె ఎలక్ట్రిక్ సైకిళ్లు ఇప్పటికీ ఉన్నాయి, చాలామంది వాటికి మారారు.

డల్లాస్_డేవిడ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:02

మా డల్లాస్‌లో 2020 సెప్టెంబరులో ఆపేశారు, 2023 మే ఆఖరున కొత్త నిబంధనలతో మళ్లీ తెచ్చారు. నేనుండేది ఇర్వింగ్‌లో, కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా రాదు. మా దగ్గర స్కూటర్ ఉన్నా లేకపోయినా డార్ట్ రైలు ఎక్కేవాడు ఎక్కుతాడు, ఎక్కనివాడు ఎక్కడు. చర్చకు ఇంతకుమించి సాయం చేయలేను 😀

గణాంకాల_గోపి | మంగళవారం, మధ్యాహ్నం 2:40

డేవిడ్ గారూ, మీరు నవ్వుతున్నారు గానీ అట్లాంటా సంగతి చూడండి. 2019 ఆగస్టులో అక్కడ రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 వరకు స్కూటర్లు నడవకూడదన్నారు. యాప్ నుంచే ఆపేశారు కాబట్టి నిషేధం నిజంగానే అమలైంది. జార్జియా టెక్ యూనివర్సిటీ వాళ్లు ఆ గంటల్లో ట్రాఫిక్ చూస్తే కార్ల ప్రయాణ సమయం సుమారు పదో వంతు పెరిగింది. అంటే స్కూటర్ దిగినవాళ్లలో కొందరైనా కార్లెక్కారు. కారు తప్ప దిక్కులేని ఊళ్లోనూ ఎంతోకొంత పనికొచ్చిందనే కదా.

పద్మ గారి పారిస్, ఈ అట్లాంటా పక్కపక్కన పెడితే తేడా స్కూటర్‌లో లేదు. చుట్టూ ఏముందో అందులో ఉంది.

నైట్‌షిఫ్ట్_నళిని | మంగళవారం, సాయంత్రం 6:30

ఇంతవరకు రాసినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే అనుకుంటా, ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టిస్తాడు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది. ఉచితంగా వచ్చే బస్సుకు, నిమిషాల మీటరు తిరిగే స్కూటర్‌కు పోటీ ఏమిటండీ? మా ఆఫీసు హౌస్‌కీపింగ్ అక్కలు బస్సు కోసం అరగంట నిలబడతారు గానీ ఇరవై రూపాయలు పెట్టి షేర్ ఆటో ఎక్కరు. స్కూటర్ వచ్చినంత మాత్రాన వాళ్లు బస్సు దిగరు.

నా విషయం వేరు. షిఫ్ట్ రాత్రి పదకొండింటికి అయిపోతే అప్పటికి బస్సులుండవు. బైక్ ట్యాక్సీ పిలిస్తే ముక్కూమొహం తెలియని మనిషి వెనక కూర్చోవాలి, అతని దగ్గరున్న హెల్మెట్ పెట్టుకోవాలి (ఆ హెల్మెట్ వాసన గురించి వేరే చర్చ పెట్టాలి). అదే అద్దె స్కూటర్ అయితే నడిపేది నేనే, దారి నా ఇష్టం. అందుకని ఆడవాళ్ల కోసం స్టాండు పెడితే సీసీ కెమెరా, లైటు ఉన్నచోట పెట్టండి. స్టేషన్ వెనక చీకట్లో బండి వదిలి రమ్మంటే ఎవరూ వాడరు.

వైట్‌ఫీల్డ్_వాసు | మంగళవారం, సాయంత్రం 7:10

నళిని గారి మాటకు బెంగళూరు నుంచి రుజువు. 2025 జూన్ 16 నుంచి కర్ణాటకలో బైక్ ట్యాక్సీలు ఆపించినప్పుడు మా ఆఫీసులో అమ్మాయిలు చాలామంది అద్దె స్కూటర్లకు మారారు. మిగతావాళ్లు ఆటో అడిగినంత ఇచ్చుకున్నారు. బస్సుకు మారినవాళ్లు నాకైతే కనబడలేదు. స్టేషన్ నుంచి మా ఆఫీసు రోడ్డులోకి వచ్చే బస్సుంటే కదా మారేది.

ఇంకోటి. ఆ ఫిబ్రవరిలో నమ్మ మెట్రో పెద్ద టికెట్ 60 నుంచి 90 రూపాయలు చేశారు. దాంతో మెట్రో ప్రయాణికులే తగ్గారు. స్టేషన్ బయట ఎన్ని స్కూటర్లు పేర్చినా లోపల టికెట్ పెరిగితే ఏం లాభం? దానికి తోడు స్కూటర్ అద్దె కలిపితే సొంత బండికి పెట్రోలే చవక అనిపిస్తుంది. మావాళ్లలో కొందరు తిరిగి సొంత బండి తీసింది అందుకే.

రాయదుర్గం_రవి | మంగళవారం, రాత్రి 8:15

ఇక్కడా 2025 మేలో పెంచారుగా. ముందు పెద్ద టికెట్ 75 అన్నారు, వారం తిరిగేసరికి తగ్గించి 69 చేశారు. అంతకుముందు 60.

మరి హైదరాబాద్‌లో ఇదివరకు అద్దె బళ్లు ఉండేవి కదా? స్టేషన్ల కింద పచ్చ రంగువో ఏవో చూసిన గుర్తు. ఏమయ్యాయి?

అమీర్‌పేట_అన్నపూర్ణ | మంగళవారం, రాత్రి 8:50

నేను వాడాను బాబూ. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక తొలి రోజుల్లో మియాపూర్ స్టేషన్ దగ్గర అద్దె సైకిళ్లు పెట్టారు. ఎర్రటి ఎండలో ఎవరు తొక్కుతారు? ఆ తర్వాత వోగో, బౌన్స్ అని స్కూటర్లు వచ్చాయి, పెట్రోల్‌వి. మా అమ్మాయి ఇంటర్‌వ్యూలకు వాటి మీదే తిరిగింది.

2020 మార్చి 22న మెట్రో ఆగిపోయింది, సెప్టెంబరు 7న గానీ మళ్లీ నడవలేదు. వేరేవాళ్లు పట్టుకున్న హ్యాండిల్ పట్టుకోవడానికే భయపడ్డ రోజులవి. ఆ దెబ్బకు మళ్లీ కోలుకోలేదు. బౌన్స్ సొంతంగా ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారుచేసి అమ్మడంలోకి దిగింది. వోగోను 2022లో చలో కొనేసింది, బస్సు ఎక్కడుందో చూపించే యాప్ వాళ్లు.

గణాంకాల_గోపి | మంగళవారం, రాత్రి 9:05

అన్నపూర్ణ గారు చెప్పిన చివరి మాట గమనించారా? స్కూటర్ కంపెనీని కొన్నది బస్సుల యాప్ కంపెనీ. స్కూటర్లు బస్సును తినేస్తాయని వాళ్లు అనుకుని ఉంటే డబ్బు పెట్టేవాళ్లు కాదు.

కోఠి_కోదండం | మంగళవారం, రాత్రి 9:20

గోపీ, కంపెనీలు డబ్బు పెట్టిన ప్రతిదీ నిజమైతే బర్డ్ 2023 డిసెంబరులో దివాలా పిటిషన్ ఎందుకు వేసిందయ్యా?

ఇందాకటి నుంచి చదువుతున్నాను, రైలు లెక్క ఎవరూ వేయలేదు. మన మెట్రో రైలుకు మూడు బోగీలు. కిక్కిరిస్తే వెయ్యి మంది దాకా పడతారు. పొద్దున పీక్‌లో రాయదుర్గంలో ఒక రైలు నుంచి రెండు వందల మంది దిగారనుకుందాం. స్టాండులో యాభై స్కూటర్లు పెట్టారనుకుందాం. నూట యాభై మంది మిగిలిపోయారు. కొన్ని నిమిషాల్లో ఇంకో రైలు వస్తుంది, ఇంకో రెండు వందల మంది. ఇప్పుడు స్టాండులో సున్నా బళ్లు. ఖాళీ స్టాండు నింపాలంటే ట్రాలీ ఆటోలో బళ్లు తెచ్చి దించాలి. పొద్దున అంతా స్టేషన్ నుంచి ఆఫీసులకే పోతారు, సాయంత్రం అంతా ఆఫీసుల నుంచి స్టేషన్‌కే. ఎదురు దిక్కున బండి తెచ్చేవాడు ఎవడూ ఉండడు.

అదే నాలుగు బస్సులు స్టేషన్ కింద నిలబెడితే రెండు వందల మందీ పోతారు, నిలబడైనా సరే. పది బళ్ల స్టాండు చూసి బస్సు పోతుందని భయపడటం ఎందుకు? బస్సుల పని చేయడానికి ఆ సంఖ్య ఏ మూలకూ చాలదు. స్కూటర్ కూరలో కరివేపాకు, దానితో అన్నం తినలేం.

డెలివరీ_డైరీ | మంగళవారం, రాత్రి 11:40

ఇప్పుడే ఆర్డర్లు అయిపోయాయి, బిర్యానీ తింటూ చదివాను. మీరంతా ఆఫీసు మెట్రో అంటున్నారు గానీ ఆ బళ్లు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో తెలుసా? మా దగ్గర. వారం అద్దెకు తీసుకుని రోజంతా మేమే తిప్పుతాం. యులు అనే అద్దె బళ్ల కంపెనీ 2023లో మాలాంటి వాళ్ల కోసమే వేరే మోడల్ తెచ్చింది, వెనక సామాను పెట్టుకునేలా. లైసెన్స్ అక్కర్లేదు, పెట్రోల్ లేదు. బ్యాటరీ అయిపోతే బ్యాటరీలు మార్చే స్టేషన్‌లో ఇచ్చి నిండుది పెట్టుకుని పోతాం.

కంపెనీకి కూడా ఇదే లాభం. మెట్రో దిగినాయన పది నిమిషాలు వాడి వదిలేస్తాడు, బండి రోజంతా ఎండలో ఖాళీగా నిలబడుతుంది. నేనైతే పది గంటలు నడుపుతా. రవి అన్నా, మీ గేటు దగ్గర స్టాండు పెట్టాక కొన్నాళ్లకు అందులో ఉండేవన్నీ మా బళ్లే అవుతాయి చూడు.

రాయదుర్గం_రవి | బుధవారం, ఉదయం 8:05

తమ్ముడూ, ఇది మాకు తట్టనే లేదు. బ్రోచర్‌లో సూట్ వేసుకున్న అమ్మాయి బొమ్మ ఉంది, డెలివరీ బ్యాగు ఎక్కడా లేదు.

లైసెన్స్ అక్కర్లేదంటే ఎలా? మా టవర్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు కూడా నడుపుతామంటారు.

గణాంకాల_గోపి | బుధవారం, ఉదయం 8:30

మోటారు 250 వాట్లు దాటకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకుండా ఉండే ఎలక్ట్రిక్ బండిని మన చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. అందుకే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అడగరు. నంబర్ ప్లేటు లేదు కాబట్టి రాంగ్ సైడ్‌లో వచ్చినా కెమెరా చలానా పంపలేదు. వయసు నిబంధన కంపెనీలే యాప్‌లో పెట్టుకుంటాయి. నాన్న ఫోన్‌తో పిల్లాడు స్కాన్ చేస్తే ఆపేదెవరు? దీని గురించి మాత్రం కంపెనీతో గట్టిగా మాట్లాడండి.

మధురవాడ_మాధవి | బుధవారం, ఉదయం 10:10

విశాఖ నుంచి ఒక మాట. మాకు మెట్రో లేదు, అద్దె స్కూటర్లు బీచ్ రోడ్డులో షికారుకే. భీమిలి వెళ్లే బస్సు ఎక్కేవాళ్లను తగ్గించేది హైవే మీద షేర్ ఆటోలు, ఆ తర్వాత సొంత బళ్లు. ఈఎంఐ మీద బండి కొన్న రోజు నుంచి ఆ మనిషి బస్సు మొహం చూడడు. అద్దె స్కూటర్ గురించి ఇంత టెన్షన్ పడేవాళ్లు ఆ ఈఎంఐ గురించి మాట్లాడరేం?

కోఠి_కోదండం | బుధవారం, ఉదయం 10:25

మాధవి గారికి నా ఓటు. పారిస్‌లోలా ఓటింగ్ పెడితే చెప్పండి.

మోడరేటర్ | బుధవారం, మధ్యాహ్నం 12:00

కంపెనీల రిఫరల్ కోడ్‌లు పెట్టిన రెండు పోస్టులు తొలగించాం. ఉచిత బస్సు మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే చర్చలో నడుస్తోంది, అక్కడికి వెళ్లండి.

పారిస్_పద్మ | బుధవారం, సాయంత్రం 5:45

రవి గారూ, స్టాండుకు చోటిచ్చేట్టయితే ఒకటి రాతపూర్వకంగా పెట్టించుకోండి. గీసిన గీతల బయట బండి వదిలితే రైడ్ ముగియకూడదు, మీటరు తిరుగుతూనే ఉండాలి. ఇక్కడ చివరి రోజుల్లో పార్కింగ్ చోటు ఫొటో తీసి పంపితేగానీ రైడ్ ముగిసేది కాదు. కొంత నయమైంది కూడా. కానీ అప్పటికే ఊరికి విసుగొచ్చేసింది. మొదటి నెల నుంచే కఠినంగా ఉండండి.

వైట్‌ఫీల్డ్_వాసు | బుధవారం, సాయంత్రం 6:20

పద్మ గారూ, అందులో ఓ మెలిక ఉంది. పేరెందుకులే గానీ ఒక కంపెనీ బండిని సరిగ్గా గీతల మధ్య పెట్టినా "మీరు జోన్ బయట ఉన్నారు" అనేది. ఫ్లైఓవర్ కింద జీపీఎస్ అందదు కదా. బండి చుట్టూ ఫోన్ తిప్పుతూ పూజ చేసినట్టు తిరిగితే గానీ రైడ్ ముగియలేదు, ఈలోగా మీటరు నడిచింది. కస్టమర్ కేర్‌లో చాట్ చేస్తే "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న ముక్క తప్ప డబ్బు రాలేదు. రాయదుర్గంలోనూ ట్రాక్ పైనే ఉంటుంది. స్టాండు దాని కిందకు రాకుండా చూసుకోండి.

రాయదుర్గం_రవి | బుధవారం, రాత్రి 9:30

నిన్న రాత్రి ఈ చర్చ లింకు గ్రూపులో పెట్టాను. ఇవాళ సాయంత్రం అసోసియేషన్ మీటింగ్ అయింది. గేటు పక్కన ఆరు బళ్లకు మాత్రమే చోటు, మూడు నెలలు చూసి ఆపైన మాట్లాడదాం అన్నారు. డెలివరీ బళ్లు పెట్టకూడదన్న షరతు ఒకాయన తెచ్చాడు, నేనొప్పుకోలేదు. మన ఇంటికి సరుకు తెచ్చేవాడి బండి మన గేటు ముందు ఉండకూడదా? ఆ షరతు పోయింది.

దగ్గర్లోని ఆఫీసులకు పోయేవాళ్లు ఎలాగూ వాడుకుంటారు. నాలాగా స్టేషన్ దాకా పోయేవాళ్లకు అది కుదిరే పని కాదని అందరికీ అర్థమైంది. అందుకని పొద్దున, సాయంత్రం స్టేషన్‌కు బస్సు ట్రిప్పులు పెంచమని ఆర్టీసీకి అర్జీ రాద్దామన్నారు, ఆ పని నాకు అంటగట్టారు. టీసీ గారూ, మీరే దిక్కు.

రిటైర్డ్_టీసీ | బుధవారం, రాత్రి 10:02

"మా ప్రాంతానికి బస్సు సౌకర్యం కల్పించగలరు" అని రాయొద్దు. అలాంటివి కట్టలు కట్టలు వస్తాయి. డిపో మేనేజర్‌కు కావాల్సింది లెక్క. ఏ టవర్ నుంచి ఎంతమంది, పొద్దున ఏ టైముకు గేటు దగ్గర ఉంటారు, రాయదుర్గంలో ఏ రైలు అందుకోవాలి, సాయంత్రం ఎన్నింటికి తిరిగొస్తారు. ఒక గూగుల్ ఫారమ్ పెట్టి వారంలో పోగుచేయండి. పక్క కమ్యూనిటీలను కూడా కలుపుకోండి. ఒక బస్సు నిండేంత మంది ఒకే అరగంటలో ఉన్నారని చూపిస్తే ఓఆర్ వస్తుందని ఆయనకు ధైర్యం.

బస్సు వెనక్కి తిరగడానికి మీ వైపు చోటెక్కడుందో ఫొటో పెట్టండి. చాలా అర్జీలు ఆగిపోయేది అక్కడే, బస్సు తిప్పే చోటు ఉండదు. డ్రైవరు మెలితిప్పుకుంటూ రివర్స్ చేయాలంటే యూనియన్ ఒప్పుకోదు.

కాగితం ఇచ్చాక ఊరుకోకండి. డయల్ యువర్ డీఎం అని ఫోన్ కార్యక్రమం పెడతారు, తేదీ పేపర్లో వస్తుంది. ఆ రోజు ఒక్కరే కాదు, నలుగురైదుగురు చేయండి. అందరూ అదే ట్రిప్, అదే టైము అడగాలి. ఒకాయన ఏడున్నర, ఇంకొకాయన తొమ్మిది అన్నారంటే పని చెడింది.

రాయదుర్గం_రవి | బుధవారం, రాత్రి 10:10

ధన్యవాదాలు సార్. ఫారమ్ ఇప్పుడే చేస్తున్నాను. పనిలో పని, ఆదివారం బస్సు కూడా అడగమంటారా? మావాళ్లు శిల్పారామం, చార్మినార్ అంటున్నారు.

రిటైర్డ్_టీసీ | బుధవారం, రాత్రి 10:14

వద్దు. ఆదివారం ఖాళీగా తిరిగిన బస్సు ఓఆర్‌ను సోమవారం బస్సు మీద రుద్దుతారు. ముందు ఆఫీసు రోజులది రానివ్వండి.